మ్యాప్ వాల్చితే కుంచించుకుపోయిన స్కాట్లండ్: టీవీ వాతావరణ గ్రాఫిక్స్ చూపేవీ, దాచేవీ

2005 మే 16న బీబీసీ తన వాతావరణ బులెటిన్ రూపురేఖలు మొత్తం మార్చేసింది. మబ్బు, చినుకు, సూర్యుడు అంటూ ముప్పై ఏళ్లుగా ప్రేక్షకులకు అలవాటైన గుర్తులను పక్కన పెట్టి త్రీడీ మ్యాప్ తెచ్చింది. న్యూజిలాండ్ వాతావరణ సంస్థకు అనుబంధమైన మెట్రా తయారుచేసిన వెదర్‌స్కేప్ అనే సాఫ్ట్‌వేర్ అది. వాన పడే చోట వాన కదులుతూ కనిపిస్తుంది. మబ్బులు పట్టిన చోట నేల మసకబారుతుంది. కెమెరా విమానంలా దేశం మీదుగా ఎగురుకుంటూ పోతుంది. గదిలో కూర్చుని డెమో చూసినవాళ్లెవరికైనా నచ్చి తీరాలి.

ప్రసారం మొదలయ్యాక ఫిర్యాదులు కూడా మొదలయ్యాయి. నేలకు వేసిన మట్టిరంగు చూసి, పచ్చగా ఉండే దేశాన్ని ఎడారిలా చూపుతున్నారని కొందరన్నారు. కెమెరా అలా తిరుగుతుంటే తల తిరుగుతోందని ఇంకొందరన్నారు. గాలి బాణాలేవి, ఒకే వాయుపీడనం ఉన్న చోట్లను కలిపే ఐసోబార్ గీతలేవి అని వాతావరణాన్ని శ్రద్ధగా గమనించేవాళ్లు నిలదీశారు. అన్నిటికంటే గట్టిగా వినిపించింది స్కాట్లండ్ గోడు. కొత్త మ్యాప్‌లో తమ ప్రాంతం నలిగిపోయిందని, దక్షిణ ఇంగ్లండ్ ఒక్కటే తెరంతా పరుచుకుందని అక్కడివాళ్లు మండిపడ్డారు.

ఆ మాట నూటికి నూరుపాళ్లు నిజం. మ్యాప్‌ను నిటారుగా పైనుంచి చూపితే ఉత్తరానికీ దక్షిణానికీ ఇంచుమించు ఒకే కొలత దక్కుతుంది. లోతు ఉన్నట్టు అనిపించాలంటే కెమెరాను వాల్చక తప్పదు. బీబీసీ మ్యాప్‌లో ఆ ఊహాత్మక కెమెరా దక్షిణాన సముద్రం మీద నిలబడి ఉత్తరం వైపు చూసేది. దగ్గరున్న లండన్ పరిసరాలు పెద్దవయ్యాయి, దూరాన ఉన్న షెట్లండ్ దీవులు పైఅంచున నలుసుల్లా మిగిలాయి. రైలు పట్టాలు దూరం పోయేకొద్దీ దగ్గరవుతున్నట్టు కనిపించడం లాంటిదే ఇదీ. సాఫ్ట్‌వేర్ తప్పేమీ చేయలేదు. అయితే బ్రిటన్‌లో అట్లాంటిక్ నుంచి వచ్చే గాలివానల దెబ్బ ఎక్కువగా తగిలేదీ, మంచు ఎక్కువగా పడేదీ ఆ ఉత్తర భాగంలోనే. వివరం ఎక్కువ కావాల్సిన చోటే తెర మీద చోటు తగ్గింది. బీబీసీ కొద్దికాలానికే వాలు తగ్గించి స్కాట్లండ్‌ను పెద్దది చేసింది.

కొత్త గ్రాఫిక్స్ వచ్చిన ప్రతిసారీ ఏదో ఒక రూపంలో ఇదే జరుగుతుంది. గ్రాఫిక్స్ మారితే వాతావరణ సూచన మెరుగుపడదు, దాన్ని చూపే తీరే మారుతుంది. బొమ్మ ఎంత సహజంగా ఉంటే చూసేవాడు దాన్ని అంతగా నమ్ముతాడు. ఆ నమ్మకానికి తగ్గ సరుకు వెనకున్న డేటాలో ఉందా అన్నది డెమో చూసే రోజు ఎవరికీ గుర్తుకు రాదు.

బొగ్గు ముక్క నుంచి త్రీడీ దాకా

1954 జనవరి 11న బీబీసీలో జార్జ్ కౌలింగ్ మొదటిసారి తెర మీద కనిపించి వాతావరణం చెప్పినప్పుడు ఆయన చేతిలో ఉన్నది బొగ్గు ముక్క, వెనక ఉన్నది కాగితం మ్యాప్. మర్నాడు గాలి బాగా వీస్తుంది కాబట్టి ఉతికిన బట్టలు ఆరేసుకోవడానికి మంచి రోజని ఆయన చెప్పినట్టు ఇప్పటికీ చెప్పుకుంటారు. గ్రాఫిక్స్ పరంగా అది సున్నా. ప్రేక్షకుడికి పనికొచ్చే కబురుగా చూస్తే మాత్రం ఈ రోజుల్లో వచ్చే చాలా బులెటిన్ల కంటే ఒక మెట్టు పైనే.

1975లో అయస్కాంతపు గుర్తులు వచ్చాయి. వాటిని గీసింది మార్క్ అలెన్ అనే డిజైన్ విద్యార్థి. నల్లమబ్బు కింద రెండు చినుకులు, తెల్లమబ్బు వెనక నుంచి తొంగిచూసే సూర్యుడు. భాష రానివాడికి కూడా ఒక్క చూపులో అర్థమయ్యేంత తేలిక. అవి అప్పుడప్పుడూ బోర్డు మీంచి జారిపడేవి, అది వేరే సంగతి. 1985లో కంప్యూటర్ గ్రాఫిక్స్ వచ్చినా అవే గుర్తులు కొనసాగాయి. ఆ గుర్తులకు ఒక సుగుణం ఉంది, పోయాక గానీ అది తెలిసిరాలేదు. దేశం మొత్తం మీద పది పన్నెండు గుర్తులు పెడితే, ఇది ఉజ్జాయింపు లెక్కేనని చూసేవాడికి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆ చినుకుల గుర్తు సరిగ్గా తన వీధి మీదే ఉందని ఎవరూ అనుకోరు. అదే త్రీడీ మ్యాప్‌లో నీలిరంగు వానమరక తన ఊరి పడమటి అంచు దాకా వచ్చి ఆగితే, తూర్పున ఉన్నవాడు గొడుగు ఇంట్లోనే వదిలేస్తాడు.

పదింట తొమ్మిది బొమ్మలు ఎవరు గీస్తారు?

తెర మీద కదిలే వాన ఎక్కడి నుంచి వస్తుందో కాస్త దగ్గరగా చూడాలి. వాతావరణ మోడల్ అనే కంప్యూటర్ ప్రోగ్రాం భూమిని గడులుగా విభజించి ప్రతి గడికీ గాలి, తేమ, ఉష్ణోగ్రత, వర్షం లెక్కగడుతుంది. యూరప్ మధ్యకాలిక వాతావరణ సూచనల కేంద్రం నడిపే ప్రపంచ మోడల్‌లో ఒక్కో గడి సుమారు 9 కిలోమీటర్లు. బ్రిటన్ వాతావరణ సంస్థ మెట్ ఆఫీస్ తన దేశం కోసం నడిపే మోడల్‌లో సుమారు ఒకటిన్నర కిలోమీటరు. గడికి ఒక అంకె వస్తుంది. గడికీ గడికీ మధ్య మెట్లుమెట్లుగా ఉండే తేడాను నున్నగా చెరిపి, అంచులు గుండ్రం చేసేది గ్రాఫిక్స్ సాఫ్ట్‌వేరే.

కాలం విషయంలో ఈ పూత ఇంకా మందంగా ఉంటుంది. మోడల్ నుంచి గంటకో చిత్రం వస్తుందనుకుందాం. రాబోయే 24 గంటల వానను 10 సెకన్ల యానిమేషన్‌గా చూపాలి. టీవీ సెకనుకు 25 ఫ్రేముల చొప్పున నడిస్తే మొత్తం 250 ఫ్రేములు కావాలి. మోడల్ ఇచ్చినవి 25. మిగతా 225 ఫ్రేములు, అంటే పదింట తొమ్మిది, సాఫ్ట్‌వేర్ మధ్యలో ఊహించి గీసినవే.

ఆ ఊహ కూడా రకరకాలుగా ఉంటుంది. చవకైన పద్ధతిలో మూడు గంటల చిత్రం మెల్లగా మసకబారుతుంటే నాలుగు గంటల చిత్రం మెల్లగా తేలుతుంది. మూడింటికి ఒక ఊరి మీద ఉన్న వాన నాలుగింటికి 40 కిలోమీటర్ల అవతలి ఊరికి చేరాలి. ఈ పద్ధతిలో అది ప్రయాణం చేయదు. మొదటి ఊళ్లో ఆవిరైపోయి రెండో ఊళ్లో పుట్టుకొస్తుంది. మధ్యలో ఉన్న ఊళ్లకు వాన తగిలినట్టే కనిపించదు. మెరుగైన పద్ధతిలో సాఫ్ట్‌వేర్ ముందు రెండు చిత్రాల్లో ఏ మరక ఎటు జరిగిందో పోల్చుకుని, దాన్ని దారి వెంట నడిపిస్తుంది. విశాలంగా పట్టిన ముసురు వానకు ఇది బాగా పనిచేస్తుంది. మధ్యాహ్నం ఎండకు ఉన్నట్టుండి పుట్టి గంటలోపే చచ్చిపోయే జల్లులకు అంతగా పనికిరాదు. జరగడానికి అక్కడ పాత మరకే ఉండదు. ఉన్నదల్లా ఎక్కడో పాతది పోవడం, ఇంకెక్కడో కొత్తది పుట్టడం.

జల్లుల విషయంలో అసలు చిక్కు మోడల్‌లోనే ఉంది. ఈ జిల్లాలో మధ్యాహ్నం అక్కడక్కడా జల్లులు పడతాయని అది బాగానే చెప్పగలదు. ఏ ఊళ్లో అన్నది చాలా గంటల ముందు చెప్పలేదు. అయినా కంప్యూటర్ కాబట్టి ఎక్కడో ఒకచోట మరక పెట్టి తీరాలి. ఆ మరకను యథాతథంగా త్రీడీలో తెర మీద పెడితే, సరైన సూచన కాస్తా ఆ ఊరివాడి దృష్టిలో తప్పుడు సూచన అవుతుంది. అనుభవం ఉన్న వాతావరణ నిపుణులు ఇలాంటి రోజుల్లో యానిమేషన్ మానేసి, ఒక ప్రాంతం మొత్తానికి లేతరంగు పూసి ‘ఇక్కడ ఎక్కడైనా పడొచ్చు’ అని నోటితో చెబుతారు. కొత్త సాఫ్ట్‌వేర్ కొన్న కొత్తలో ఆ పని చేయడానికి చేతులు రావు, డబ్బు పెట్టింది యానిమేషన్ కోసమే కదా.

రాడార్ దగ్గర ఇంకో మెలిక ఉంది. గడిచిన గంటల వానను రాడార్ చూపుతుంది, అది కొలత. రాబోయే గంటల వానను మోడల్ చూపుతుంది, అది అంచనా. ఒకే యానిమేషన్‌లో రెండూ కలిపినప్పుడు అతుకు దగ్గర బొమ్మ చటుక్కున గెంతుతుంది. డిజైనర్లకు అది కంటగింపు, అందుకే రెంటినీ కలిపేసి అతుకు కనపడకుండా చేసే ఏర్పాట్లున్నాయి. నిజానికి ఆ గెంతు ఉండటమే మంచిది. ఇక్కడిదాకా చూసింది, ఇక్కడి నుంచి లెక్కగట్టింది అని ప్రేక్షకుడికి తెలిసే ఒకే ఒక్క క్షణం అదే.

రంగుల తగాదా

గ్రాఫిక్స్ మార్చేటప్పుడు తక్కువ ఆలోచించి ఎక్కువ మూల్యం చెల్లించేది రంగుల మీదే. ఇంద్రధనుస్సు వరసలో నీలం, ఆకుపచ్చ, పసుపు, ఎరుపు వేస్తే తెర కళకళలాడుతుంది. అయితే ఆకుపచ్చ పోయి పసుపు వచ్చే చోట కంటికి గోడ కట్టినట్టు ఒక గీత కనిపిస్తుంది. డేటాలో ఆ చోట ప్రత్యేకంగా ఏమీ జరిగి ఉండదు, 29 డిగ్రీలు 30 అయి ఉంటుంది, అంతే. పైగా ఉత్తర యూరప్ మూలాలున్న మగవాళ్లలో సుమారు 8 శాతం మందికి ఎరుపు, ఆకుపచ్చల మధ్య తేడా సరిగ్గా తెలియదు. చినుకుకు ఆకుపచ్చ, కుండపోతకు ఎరుపు వాడే రాడార్ బొమ్మ వాళ్ల పాలిట పజిలే.

స్కేలు చాలకపోతే ఏం చేయాలన్నది మరో ప్రశ్న. 2013 జనవరిలో ఆస్ట్రేలియా వాతావరణ సంస్థ తన ఉష్ణోగ్రత మ్యాపుల స్కేలును 50 డిగ్రీల నుంచి 54 దాకా పెంచి, కొత్తగా ఊదా, గులాబీ ఛాయలు చేర్చింది. 2017 ఆగస్టులో హార్వీ తుఫాను టెక్సాస్‌ను ముంచెత్తినప్పుడు అమెరికా జాతీయ వాతావరణ సేవా సంస్థ వర్షపాతం మ్యాపులో ఊదారంగుకు మరో రెండు ఛాయలు కలపాల్సి వచ్చింది. రెండు చోట్లా పాత రంగులను కదపకుండా, పైన కొత్తవి పేర్చారు. సరైన పద్ధతి అదే. నిన్నటి నారింజకూ ఇవాళ్టి నారింజకూ అర్థం ఒకటే అయినప్పుడే చూసేవాడు రెండు రోజులను పోల్చుకోగలడు.

పాత రంగులనే మార్చేస్తే ఏమవుతుందో యూరప్‌లో ప్రతి ఎండాకాలం కనిపిస్తూనే ఉంది. ఏళ్ల కిందటి పచ్చని మ్యాపునూ ఇప్పటి ఎర్రటి మ్యాపునూ పక్కపక్కన పెట్టి, అప్పటి ఎండకూ ఇప్పటి ఎండకూ తేడా లేకపోయినా జనాన్ని భయపెట్టడానికి ఎరుపు పూస్తున్నారంటూ సోషల్ మీడియాలో తిప్పుతుంటారు. సాధారణంగా ఆ రెండూ ఒకే రకం మ్యాపులు కావు. ఒకదాంట్లో నేలకు పచ్చరంగు వేసి పైన అంకెలు పెట్టారు, రెండోదాంట్లో ఉష్ణోగ్రతకే రంగు వేశారు. ఈ వివరణ ఇచ్చేలోపు ఆ పోస్టు వెయ్యి చోట్లకు పాకిపోతుంది.

స్టూడియోలో పడే పాట్లు

ప్రేక్షకుడికి కనిపించని సంగతులూ కొన్ని ఉన్నాయి. చాలా స్టూడియోల్లో ప్రెజెంటర్ వెనక మ్యాప్ అంటూ ఏమీ ఉండదు, ఖాళీ ఆకుపచ్చ గోడ ఉంటుంది. పక్కనున్న మానిటర్లలో తన బొమ్మ తానే చూసుకుంటూ, ఎక్కడ చెయ్యి పెడితే ఏ ఊరు వస్తుందో అంచనా వేసుకుంటూ మాట్లాడాలి. చేతిలో ఒక చిన్న బటన్. అది నొక్కితే తర్వాతి బొమ్మ. చాలామందికి ఎదురుగా స్క్రిప్ట్ ఉండదు, మాటలు అప్పటికప్పుడు రావాలి. ఇలాంటి చోట బొమ్మల వరస, కెమెరా వేగం మారితే మాట తడబడుతుంది. గ్రాఫిక్స్ బాగా మారిన కొత్తలో బులెటిన్లు ఎక్కడో అతకనట్టు అనిపించడానికి ఇదీ ఒక కారణం. పెద్ద ఎల్‌ఈడీ తెరలతో ఈ ఇబ్బంది తగ్గుతుంది, ప్రెజెంటర్‌కు మ్యాప్ కళ్లెదుటే ఉంటుంది. బదులుగా ప్రేక్షకుడికి వీపు చూపించే క్షణాలు పెరుగుతాయి.

అన్నిటికంటే ప్రమాదకరమైనది పాత డేటా. అయస్కాంతపు గుర్తుల కాలంలో ఎవరో ఒకరు చేత్తో పెట్టేవారు కాబట్టి నిన్నటి మబ్బు ఇవాళ ఉండిపోతే కనిపెట్టేవారు. ఇప్పుడు మోడల్ నుంచి తెర దాకా అంతా ఆటోమేటిక్. ఎక్కడో ఒక ఫైలు రాకపోతే పాత ఫైలుతోనే అంతే అందమైన యానిమేషన్ తయారవుతుంది. తేదీ చూస్తే తప్ప తేడా తెలియదు. అందుకే కొత్త వ్యవస్థను తెచ్చేవాళ్లు పాతదాన్ని ఆపేయకుండా కొన్ని వారాలు రెండింటినీ సమాంతరంగా నడుపుతారు. వాన రోజూ పొడి రోజూ, తుఫాను రోజూ, డేటా ఆగిపోయిన రోజూ అన్నీ ఆ వ్యవధిలో ఎదురైతే అదృష్టం.

నీళ్లు నడుం దాకా వస్తే

కొత్త టెక్నాలజీ నిజంగా పనికొచ్చిన సందర్భం ఒకటి చెప్పాలంటే 2018 సెప్టెంబరులో అమెరికాలో వచ్చిన ఫ్లోరెన్స్ తుఫాను. సముద్రంలో ఉండగా అది నాలుగో కేటగిరీ. 14వ తేదీన నార్త్ కరోలినాలో తీరం దాటేసరికి ఒకటో కేటగిరీకి తగ్గింది. అంకె నాలుగు నుంచి ఒకటికి పడిపోతే ఎవరికైనా ఊపిరి పీల్చుకోవాలనే అనిపిస్తుంది. ఆ కేటగిరీ కొలిచేది గాలి వేగాన్ని మాత్రమే. నీటి సంగతి అందులో లేదు. ఫ్లోరెన్స్ నెమ్మదిగా కదులుతూ కొన్ని చోట్ల 30 అంగుళాలకు పైగా వాన కురిపించింది, ఉప్పెన నదుల్లోకి ఎగదన్నింది.

‘నేలమట్టానికి 9 అడుగుల ఎత్తున నీరు’ అని హెచ్చరికలో రాస్తే చదివినవాడి బుర్రకు ఎక్కదు. అప్పటికి కొన్ని నెలల ముందే అన్‌రియల్ ఇంజిన్ అనే సాఫ్ట్‌వేర్‌తో ప్రేక్షకుణ్ణి బొమ్మ లోపలికి లాగే గ్రాఫిక్స్ మొదలుపెట్టిన అమెరికా టీవీ సంస్థ వెదర్ చానల్, ఈ అంకెను తెర మీద నిలబెట్టింది. ప్రెజెంటర్ ఒక మామూలు వీధిలో నిలబడి ఉన్నట్టు కనిపిస్తుంది. ఆమె చుట్టూ నీళ్లు 3 అడుగులకు వస్తాయి, నడుం దాటుతుంది. 6 అడుగులకు వస్తాయి, తల మునుగుతుంది, కార్లు తేలుతుంటాయి. 9 అడుగులకు వచ్చేసరికి నీటి మట్టం ఆమె తలకు చాలా పైన ఉంటుంది. అన్‌రియల్ ఇంజిన్ వీడియో గేముల కోసం పుట్టిన సాఫ్ట్‌వేర్. స్టూడియో కెమెరా కదలికను పసిగట్టి, దానికి తగ్గట్టు నీళ్లనూ ఇళ్లనూ అప్పటికప్పుడు గీస్తుంది.

ఈ బొమ్మకు పేరు రావడానికి దాని అందం ఒక్కటే కారణం కాదు. అందులో చూపిన సంగతి ఒకే ఒక్కటి, నీటి ఎత్తు. ఆ ఎత్తును మనిషి శరీరంతో కొలిచారు. అది ఎవరి వీధీ కాదు కాబట్టి ‘మా ఇంటికి ఇంతే వస్తుంది’ అనే తప్పుడు లెక్కకు చోటు తక్కువ. అదే ఏడాది అదే చానల్ స్టూడియోలోకి టోర్నడో తెచ్చి కరెంటు స్తంభాలు, కారు ఎగిరి పడేట్టు చూపింది. అదీ వైరల్ అయింది. కళ్లు తిప్పుకోలేం గానీ, చూశాక ఏం చేయాలో తెలిసేది మొదటిదాంతోనే ఎక్కువ.

గీయడానికి లొంగనిది

ఇన్ని హంగులు వచ్చినా ఇప్పటికీ సరిగ్గా గీయలేకపోతున్నది అనిశ్చితిని. మాటల్లో చెప్పినా చిక్కే. ‘రేపు వాన పడే అవకాశం 30 శాతం’ అంటే ఏమిటని మనస్తత్వ శాస్త్రవేత్త గెర్డ్ గిగెరెంజర్ బృందం ఐదు నగరాల్లో అడిగి 2005లో ఫలితాలు ప్రచురించింది. ఇలాంటి రోజులు పది ఉంటే మూడింట్లో వాన పడుతుందని దాని అర్థం, న్యూయార్క్‌లో ఎక్కువమంది సరిగ్గా చెప్పారు. ఆమ్‌స్టర్‌డామ్, బెర్లిన్, మిలాన్, ఏథెన్స్‌లలో రేపు 30 శాతం సమయం వాన పడుతుందనో, 30 శాతం ప్రాంతంలో పడుతుందనో అనుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు.

బొమ్మలోకి వస్తే అమెరికా జాతీయ హరికేన్ కేంద్రం వాడే కోన్ కథ చూడాలి. తుఫాను కేంద్రం ఎటు పోవచ్చో చూపే ఆ శంఖం ఆకారాన్ని గత ఐదేళ్ల సూచనల్లో వచ్చిన తేడాలను బట్టి గీస్తారు. మూడింట రెండు వంతుల సందర్భాల్లో కేంద్రం దాని లోపల ఉంటుంది. అంటే మూడో వంతు సందర్భాల్లో బయటికి పోతుంది. నష్టం ఎంత దూరం ఉంటుందన్నది అది అసలు చెప్పదు. చూసేవాళ్లు మాత్రం కోన్ వెడల్పయ్యేకొద్దీ తుఫాను పెద్దదవుతోందనుకుంటారు, కోన్ అంచు బయట ఉంటే తమకేమీ కాదనుకుంటారు. 2004 ఆగస్టు 13న చార్లీ తుఫాను ఫ్లోరిడాను తాకిన రోజు అందరి కళ్లూ కోన్ నడిమధ్యగా టాంపా నగరం వైపు పోతున్న గీత మీదే ఉన్నాయి. తుఫాను కుడికి తిరిగి, బలం పెంచుకుని పుంటా గోర్డా మీద పడింది. ఆ ఊరు హెచ్చరిక పరిధిలోనే ఉంది, గీత మీద మాత్రం లేదు.

గీత తీసేసి పదుల కొద్దీ మోడల్ దారులు ఒకేసారి గీస్తే ఎలా ఉంటుంది? యూరప్ కేంద్రం ఒకే సూచనను కొద్ది తేడాలతో 51 సార్లు లెక్కగడుతుంది. వాటన్నిటినీ తెర మీద పరిస్తే ప్రతివాడూ తన ఊరి మీదుగా పోయే గీతనే వెతుక్కుంటాడు. రంగుల మబ్బులా చూపితే అంచు ఎక్కడ అన్న ప్రశ్న మళ్లీ మొదటికొస్తుంది. 2024లో హరికేన్ కేంద్రం ప్రయోగాత్మకంగా కోన్ కింద తీరానికి దూరంగా లోపలున్న ప్రాంతాల హెచ్చరికలను కూడా రంగుల్లో చూపడం మొదలుపెట్టింది. కోన్ బయట ఉన్న జిల్లాకు కూడా రంగు పడితే అక్కడివాళ్లు తమ సంగతి కూడా చూసుకుంటారని వాళ్ల ఆశ. కోన్‌ను మాత్రం తీసెయ్యలేదు. ఇన్నేళ్లుగా జనం తప్పుగానైనా అలవాటుపడిన బొమ్మను తీసి మరొకటి పెట్టడం వాళ్లకు కూడా తేలిక కాదు.